మానేస్తే తీరిపోతుందా?

తప్పు చేయడం మానేసిన రోజుతో ఆ తప్పు తీరిపోయినట్టేనా? ధర్మచింతనలో ఇది పాత ప్రశ్నే. దీనికి బాల్టిక్ సముద్రపు అడుగున ఉన్న బురద గట్టి సాక్ష్యం చెబుతుంది. చుట్టుపక్కల దేశాల పొలాల్లో చల్లిన ఎరువులు, పట్టణాల మురుగు దశాబ్దాల తరబడి ఆ నీళ్లలో కలిశాయి. వాటితో నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, అడుక్కి చేరింది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. అలాంటి బురదలోకి ఆక్సిజన్ కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగదు. పైన పల్చటి గోధుమరంగు పొర, దాని కిందంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే నల్లటి బురద. ఆ నలుపులో బతికే సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు సల్ఫేట్‌తో పని నడుపుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. అది పైకొచ్చి, మిగిలిన కాస్త ఆక్సిజన్‌నూ మింగేస్తుంది. అంటే నిన్నటి కుళ్లు ఖర్చును రేపటి నీరు భరిస్తోంది.

తీరదేశాలు ఊరుకోలేదు. ఈ సముద్రాన్ని కాపాడేందుకు 1974లో హెల్సింకి ఒప్పందం చేసుకున్నాయి. 1980ల తర్వాత సముద్రంలోకి వచ్చే భాస్వరాన్ని బాగా తగ్గించాయి. అయినా అడుగు కోలుకోలేదు. సుమారు వందేళ్లలో ఆక్సిజన్ కరువు ప్రాంతం 5,000 చదరపు కిలోమీటర్ల నుంచి 60,000 దాటింది. ఆక్సిజన్ ఉన్నంతకాలం ఇనుముతో కలిసి బురదలో అణిగి ఉండే భాస్వరం, అది లేకపోయేసరికి విడిపోయి మళ్లీ నీళ్లలోకి వస్తుంది. కొత్త నాచుకు మేత అవుతుంది. ఇరుకు జలసంధులున్న ఆ సముద్రానికి గాలి ఆడకపోవడం సహజమే కదా అనవచ్చు. నిజమే, కానీ ఆ జలసంధులు వందేళ్ల కిందటా అంతే ఇరుకు. మారినది ప్రధానంగా మనం పోసిన పోషకాల మోతాదు.

వేదాంతం కర్మను సంచితం (పోగుపడినది), ప్రారబ్ధం (ఇప్పుడు అనుభవిస్తున్నది), ఆగామి (ఇకపై చేరేది) అని విడదీసింది ఇందుకేననిపిస్తుంది. మానేయడం వల్ల ఆగామి ఆగుతుంది. సంచితం అలాగే ఉంటుంది. అయితే ఒక చిక్కుంది. చేసినవాడే ఫలం అనుభవిస్తాడని కర్మ సిద్ధాంతం. ఇక్కడ అనుభవిస్తున్నది కాడ్ చేప గుడ్లు. ఉప్పదనం ఎక్కువున్న లోతు నీళ్లలోనే అవి తేలగలవు. అక్కడేమో తరచూ ఆక్సిజన్ ఉండదు. ఎరువు చల్లినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు కూడా. మరి ఈనాటివాళ్ల మీద ఆ బాకీ వేయడం అన్యాయం కాదా? కర్మను ఒక్కొక్కరి సొంత పద్దుగా చూస్తే అన్యాయమే. కానీ మనిషి పుట్టుకతోనే ఋణాలతో వస్తాడని శతపథ బ్రాహ్మణం చెప్పింది. ఆ ఋణాలు మనం చేసిన తప్పులకు శిక్షలు కావు, ముందువాళ్ల నుంచి అందుకున్నదానికి బదులు. ఆ ఎరువుల పంట తిన్న ఇంట్లో పుట్టి, ఆస్తి మాకు, అడుగు బురద మాకక్కర్లేదు అంటే చెల్లదు.

కాలమే మాన్పుతుంది కదా అన్నది రెండో ఆక్షేపణ. నల్ల సముద్రపు వాయవ్య తీరాన అలాగే జరిగింది. 1990లలో ఆ ప్రాంతపు దేశాల ఆర్థిక వ్యవస్థలు కుప్పకూలి, ఎరువుల వాడకం పడిపోయాక కొన్నేళ్లకే అక్కడి నిర్జీవ ప్రాంతం తగ్గింది. అయితే అది లోతు తక్కువ తీరం, అక్కడి నీళ్లు సులువుగా కలుస్తాయి. పైగా అది ఎవరి పశ్చాత్తాపమూ కాదు, దివాలా. ఒక చోట కాలం కలిసొచ్చిందని అన్నిచోట్లా చేతులు కట్టుకుని కూర్చోవడం ధర్మం కాదు.

ఈ సంగతి భీమవరం రొయ్యల రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. మేత ఆపినంత మాత్రాన అడుగు బాగుపడదని ఆయనకు తెలుసు. అందుకే పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, నల్లబురద తీయిస్తాడు. సముద్రాన్ని ఎండగట్టలేం. కాబట్టి అందులో పోసేముందే రెండింతలు ఆలోచించాలి, పోసింది ఆపాక కూడా బాధ్యత మోస్తూనే ఉండాలి. మానేయడం ప్రాయశ్చిత్తానికి మొదలు మాత్రమే.