మూడు కుప్పల ఢిల్లీ

గోదావరి జిల్లాలోని ఒక పల్లెలో ఒకావిడకి ఇద్దరు కూతుళ్లు, ఇద్దరు అల్లుళ్లు. భర్త బడిలో ఏళ్లతరబడి సోషల్ పాఠాలు చెప్పి, రిటైరైన కొన్నాళ్లకే పోయాడు. ఢిల్లీ సంగతులు ఆయన నోట వినడమే తప్ప ఆవిడ ఎన్నడూ చూసింది లేదు. ఒక సంక్రాంతికి అందరూ చేరినప్పుడు, ఫిబ్రవరిలో అమ్మని ఢిల్లీ తీసుకెళ్లాలని కూతుళ్లు తేల్చేశారు. శుక్రవారం సాయంత్రానికి అక్కడ దిగాలి, మంగళవారం పొద్దున్నే తిరుగు ప్రయాణం. చూడడానికి మిగిలేవి శని, ఆది, సోమ.

పెద్దల్లుడు పట్టుదల మనిషి. భోజనాలయ్యేసరికి జాబితా రాసేశాడు. ఎర్రకోటతో మొదలెడితే ఇరవై నాలుగు పేర్లు, చిట్టచివర ఆగ్రా. "అంతదూరం వెళ్లి తాజ్‌మహల్ చూడకుండా వస్తే నలుగురూ నవ్వరూ?" అన్నాడు. చిన్నల్లుడిది ఎదురుదారి. "జాబితాలెందుకు అన్నయ్యగారూ, దిగాక ఆటో ఎక్కితే అతనే అన్నీ తిప్పుతాడు" అన్నాడు. తోడల్లుళ్ల మధ్య మాట పెరిగింది.

అత్తగారు ఇద్దరినీ ఆపలేదు. మనవరాలి చేత ఢిల్లీ పటం పెద్ద కాగితం మీద ప్రింటు తీయించింది. దాన్ని చాప మీద పరిచి, అష్టాచెమ్మా చింతపిక్కల డబ్బా తెచ్చి పక్కన పెట్టింది.

"పెద్దల్లుడుగారూ, మీరు ఒక్కో పేరూ చదవండి. చిన్నల్లుడుగారు అదెక్కడుందో వెతికి పిక్క పెడతారు."

ఎర్రకోట, జామా మసీదు, చాందినీ చౌక్, రాజ్‌ఘాట్ పిక్కలు పైన యమున ఒడ్డున ఒకచోట చేరాయి. రాష్ట్రపతి భవన్, ఇండియా గేట్, నేషనల్ మ్యూజియం, హుమాయూన్ సమాధి, నిజాముద్దీన్ దర్గా నడుమ గుంపు కట్టాయి. కుతుబ్ మీనార్, దాని పక్కన మెహ్రౌలీ శిథిలాలు కింద దక్షిణాన పడ్డాయి. అక్షర్‌ధామ్ ఒక్కటీ ఏటికి అవతల నిలిచింది. లోటస్ టెంపుల్, తుగ్లకాబాద్ కోట ఆగ్నేయాన చెరోచోటా పడ్డాయి. చివరికి "ఆగ్రా" అన్నాడు పెద్దల్లుడు. పటం అయిపోయింది. దాదాపు రెండువందల కిలోమీటర్ల దూరాన్ని పటం కొలతలో లెక్కేసి చూస్తే ఆ పిక్క చాప దాటి, హాలు దాటి గుమ్మం దగ్గర పెట్టాల్సి వచ్చింది.

పెద్దల్లుడు గుమ్మం వైపు కాసేపు చూశాడు. అత్తగారేమీ అనకముందే తనే వెళ్లి ఆ పిక్క తీసి డబ్బాలో వేశాడు.

"కుప్పలు మూడు, రోజులు మూడు," అంది ఆవిడ. "ఏ రోజు ఏది?"

ఇక్కడ చిన్నకూతురు ఫోన్ తీసింది. ఎర్రకోటకి సోమవారం సెలవు. నేషనల్ మ్యూజియం, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్‌లకీ సోమవారమే. పెద్దల్లుడి కాగితం మీద ఎర్రకోట సరిగ్గా సోమవారమే ఉంది. ఆదివారానికి మారుద్దామంటే పెద్దకూతురు ఒప్పుకోలేదు. చాందినీ చౌక్‌లో కొట్లు చాలావరకు ఆదివారం కట్టేస్తారు, ఆమెకు చీరలు కొనాలని ఉంది. దాంతో పై కుప్ప శనివారానికి కుదిరింది. కుతుబ్ మీనార్‌కి వారపు సెలవు లేదు కాబట్టి కింది కుప్ప సోమవారానికి. మిగిలిన ఆదివారం నడిమి కుప్పకి. ఇంతసేపూ కొట్లాడిన విషయం నాలుగు సెలవురోజులు తెలిసేసరికి దానంతటదే తేలిపోయింది.

బస ఎక్కడన్నది తర్వాతి తగువు. మనవరాలు పటం మీద మెట్రో ఎల్లో లైన్ వెంట పసుపుదారం పరిచింది. ఆ దారం చాందినీ చౌక్ మీదుగా దిగి, రాజీవ్ చౌక్, సెంట్రల్ సెక్రటేరియట్ దాటి, కుతుబ్ మీనార్ స్టేషన్ దాకా పోయింది. మూడు కుప్పలూ దానికి దగ్గరే. ఆ దారం మీద ఎక్కడో ఒక స్టేషన్‌కి నడిచిపోయేంత దూరంలో గది చూడమంది అత్తగారు. తర్వాత ఒక్కో కుప్పలో ముఖ్యమైన మూడేసి పిక్కలుంచి, మిగతావన్నీ డబ్బాలోకి ఎత్తింది. తీసేసిన ఒక్కో పిక్కకీ పెద్దల్లుడు నొచ్చుకుంటూనే ఉన్నాడు.

ఫిబ్రవరిలో బయల్దేరారు. శనివారం ఎర్రకోటలో దివాన్-ఎ-ఖాస్ ముందు చాలాసేపు నిలబడ్డారు. 1648లో షాజహాన్ అడుగుపెట్టిన కోట అది. అక్కడే 1858లో చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ ముద్దాయిగా నిలబడ్డాడని అత్తగారే అందరికీ చెప్పింది, భర్త పాఠం చెప్పినట్టుగానే. ఆదివారం మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పూ పొడీ నెయ్యీ కలుపుకుని తిని, హుమాయూన్ సమాధికి వెళ్లారు. తాజ్‌మహల్ పని మొదలవడానికి సుమారు అరవై ఏళ్ల ముందు, 1570 ప్రాంతంలో పూర్తయిన కట్టడం. అదే పెద్ద గుమ్మటం, అదే నాలుగు భాగాల తోట. "తాజ్‌కి ఇదే అమ్మ" అనుకుంటూ పెద్దల్లుడు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నిన్న కోటలో తలుచుకున్న జఫర్ 1857లో ఆ కోట వదిలి పారిపోయి వచ్చి తలదాచుకున్నదీ, ఇంగ్లీషువాళ్లకు దొరికిపోయిందీ ఇక్కడేనని చెప్పే ఫలకం చదివి అందరినీ పిలిచింది కూడా అతనే. సోమవారం కుతుబ్ మీనార్ దగ్గర తొందరపెట్టేవాళ్లు లేరు. పదహారు వందల ఏళ్లుగా తుప్పు అంటని ఇనుప స్తంభం చుట్టూ అత్తగారు నెమ్మదిగా తిరిగింది. ఆ ఆవరణలోనే అల్లావుద్దీన్ ఖిల్జీ మొదలుపెట్టిన అలాయీ మీనార్ మొండెం ఉంది. 73 మీటర్ల కుతుబ్‌కి రెండింతలు ఎత్తు కట్టాలనుకున్నాడు. ఆయన పోయేనాటికి దాదాపు 25 మీటర్ల దగ్గర ఆగింది, తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

నీతి: కొద్దిరోజుల కోసం కొత్త నగరానికి వెళ్లేవాళ్లు ముందు లెక్కపెట్టవలసింది చోట్ల మధ్య దూరాన్ని, తర్వాతే చోట్ల సంఖ్యని. సెలవు రోజులు చూసుకుని, దగ్గరదగ్గరగా ఉన్నవాటికి ఒక రోజిచ్చి, తక్కినవి మరో ప్రయాణానికి దాచుకున్నవాళ్లే ఊరు చూసినవాళ్లు.

ఈ నీతి ఢిల్లీకి ఇంత బాగా అమరడానికి కారణం ఆ ఊరి చరిత్రలోనే ఉంది. ఢిల్లీ ఒక్కచోట పుట్టి చుట్టూ పెరిగిన ఊరు కాదు. మెహ్రౌలీ దగ్గర పాతకోట ఉండగా ఖిల్జీ సిరి కోట కట్టాడు. గియాసుద్దీన్ తుగ్లక్ 1321లో తుగ్లకాబాద్ మొదలుపెట్టాడు, కొద్దికాలానికే అది పాడుపడింది. ఫిరోజ్ షా యమున ఒడ్డున ఇంకో ఊరు కట్టించాడు. హుమాయూన్, షేర్ షా పురానా ఖిలాలో ఉన్నారు. షాజహాన్ ఉత్తరాన తన పేరిట నగరం నిలిపాడు. 1911లో రాజధానిని కలకత్తా నుంచి తెస్తామని ప్రకటించిన ఇంగ్లీషువాళ్లు, వీటికి ఎడంగా కొత్త ఢిల్లీ కట్టి 1931లో ప్రారంభించారు. వచ్చినవాడల్లా పాతదాన్ని వదిలి కొంత దూరంలో కొత్తది కట్టుకున్నాడు. కాబట్టి పటం మీద దగ్గరున్నవి చాలావరకు కాలంలోనూ దగ్గరే. ఒక రోజు ఒక కుప్పలో ఉంటే ఒక కాలంలో ఉన్నట్టు. పొద్దున కుతుబ్, మధ్యాహ్నం ఎర్రకోట, సాయంత్రం అక్షర్‌ధామ్ అని పరిగెత్తితే ట్రాఫిక్‌లో పోయేది గంటలే అనుకుంటాం. నా దృష్టిలో అంతకన్నా పెద్ద నష్టం, ఎవరి తర్వాత ఎవరన్నది మనసులో నిలవకపోవడం. నడిమి కుప్పలో మాత్రం కాలాలు కలగాపులగంగా ఉంటాయి. అక్కడ ఒక రోజు కూడా నిజానికి చాలదు.

ఆ నడిమి కుప్పలో తెలుగువాళ్లు ఒక పిక్క అదనంగా వేసుకోవాలని నా కోరిక. 1323లో ఓరుగల్లు పడిపోయాక తెలుగు నేల నుంచి ఢిల్లీ చేరిన ఒకాయన, మతం మారి, ఫిరోజ్ షా తుగ్లక్‌కి వజీరయ్యాడు. చరిత్రలో ఆయన పేరు ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగాణీ. సుల్తాను దూరదేశాల్లో దండయాత్రలకు పోయినప్పుడు రాజధానిని నడిపింది ఆయనే. ఆయన సమాధి నిజాముద్దీన్ బస్తీ ఇళ్ల మధ్య ఉంది. ఢిల్లీలో ఎనిమిది పలకలుగా కట్టిన తొలి సమాధి అదేనంటారు. హుమాయూన్ సమాధి ఆవరణలో లోపలికి పోగానే కుడివైపు కనిపించే ఈసా ఖాన్ సమాధిదీ అదే ఆకారం, కానీ అది 1547 నాటిది. తిలంగాణీది దానికి సుమారు 180 ఏళ్లు ముందు. ముందు ఈసా ఖాన్ సమాధి చూసి, మథురా రోడ్డు దాటి బస్తీలోకి వెళ్తే ఒకే గీత మొదలూ కొనసాగింపూ ఒక పూటలో కళ్లబడతాయి. తిలంగాణీ సమాధికి టికెట్ కౌంటరు, తోటలు ఉంటాయని ఆశపడకండి. చుట్టూ ఇళ్లు ముసిరి ఉంటాయి, సందుల్లో అడుగుతూ పోవాలి. వెలుగుండగానే వెళ్లండి. గురువారమైతే అక్కడి నుంచి దర్గాకి నడిచి సాయంత్రం కవ్వాలీ కూడా వినవచ్చు.