ప్రయాణికునిపై మజిలీ హక్కు

దూర ప్రయాణంలో ఏదో ఒక ఊళ్లో అరగంట ఆగుతాం. చాయ్ తాగుతాం. నమాజు వేళయితే మస్జిదు ఎక్కడని అడుగుతాం. ఊరు కంటికి ఇంపుగా ఉంటే 'ఎంత చక్కని ఊరు!' అనుకొని మళ్లీ బండెక్కుతాం. మరి ఆ అరగంటలో ఆ ఊరికీ మనకూ మధ్య ఏదైనా సంబంధం ఏర్పడిందా? ఏర్పడితే దాని బాధ్యత ఎంత?

నిజామాబాద్ జిల్లాలోని రుద్రూర్‌నే తీసుకుందాం. హైదరాబాదు నుంచి మెదక్, ఎల్లారెడ్డి, బాన్సువాడల మీదుగా బోధన్ వెళ్లేవారికి దారిలో వచ్చే ఊరు ఇది. 2016లో మండల కేంద్రమయింది. చెరకు, వరి పంటల పరిశోధన కేంద్రం ఇక్కడ ఉంది. నాట్లు పడ్డాక ఈ దారిన వెళ్లేవారి కళ్లు చల్లబడతాయి. కారు ఆపి, పొలం గట్టున నిలబడి ఫొటోలు తీసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది.

అయితే ఈ పచ్చదనం ఊరికే వచ్చింది కాదు. 1923లో మంజీరా నదిపై మొదలైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. జలాశయం కోసం ఎన్నో గ్రామాలవారు ఇల్లూ వాకిలీ వదులుకున్నారు. కాలువ నీరు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి ఈ ప్రాంతంలో క్యాంపులు కట్టుకొని స్థిరపడ్డారు. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ పెరిగింది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. కార్మికుల కుటుంబాలు, చెరకు రైతులు దిక్కుతోచని స్థితిలో పడ్డారు. అరగంట ఆగిన మనిషికి ఇవేవీ కనిపించవు, పచ్చదనమే కనిపిస్తుంది. ఆ పచ్చదనం అబద్ధం కాదు. కాని ఊరంటే అది మాత్రమే కాదు.

'చాయ్ తాగాం, డబ్బులిచ్చాం. ఇంకేం బాకీ?' అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, చాయ్ వెల తీరింది. కాని మనం నిలబడ్డ చెట్టు నీడకు ఎవరు వెల కట్టారు? వుజూకు వాడిన నీళ్లకు? దారి చెప్పిన ముసలాయన మంచితనానికి? ఇవన్నీ ఆ ఊరు మనకు వెల అడగకుండా ఇచ్చింది.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరాలో అల్లాహ్ ఎవరెవరి పట్ల మంచిగా మెలగాలో తెలిపాడు. అందులో బంధువైన పొరుగువాడు, పరాయివాడైన పొరుగువాడు, ఆ తర్వాత పక్కనున్న సహచరుడు, బాటసారి ఉన్నారు. ఈ పక్కనున్న సహచరుడనే మాటలో ప్రయాణంలోనో, అంగడిలోనో కాసేపు మన పక్కన ఉండేవాడు కూడా వస్తాడని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే అరగంట పొరుగు కూడా పొరుగే!

ప్రయాణికునికి షరీఅత్ ఎన్నో సడలింపులు ఇచ్చింది. నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. రమజాను ఉపవాసాన్ని తర్వాతి రోజులకు వాయిదా వేసుకోవచ్చు. కాని హుఖూఖుల్ ఇబాద్‌లో, అంటే దాసుల హక్కుల్లో, ముసాఫిర్‌కు కసర్ లేదు. అల్లాహ్ తన హక్కును తగ్గించుకున్నాడు గాని, తన దాసుల హక్కును తగ్గించలేదు.

దారుల్లో కూర్చోక తప్పదన్న సహచరులకు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) దారి హక్కులు నేర్పారు: చూపు దించుకోవాలి, ఎవరికీ బాధ కలిగించకూడదు, సలాముకు జవాబివ్వాలి, మంచిని బోధించి చెడును వారించాలి. జనం నడిచే దారిలో, వారు సేదదీరే నీడలో మలవిసర్జన చేయడం శాపానికి కారణమవుతుందని హెచ్చరించారు. ఈ బోధనలను మన ప్రయాణాలకు అన్వయించుకొని చూడండి. బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్ సీసాలు కాలువలో విసిరితే అవి ఎవరి మడిలో తేలుతాయి? నాట్లు వేసే ఆడవారి వైపు అడగకుండా ఫోను తిప్పితే చూపు దించుకున్నట్లేనా? రోడ్డుకు అడ్డంగా కారు నిలిపితే ట్రాక్టరు ఎటు పోవాలి?

ఇలాంటి చోట్లనే మన ఈమాన్‌కు పరీక్ష. సొంత వీధిలో నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు మనల్ని కాపాడుతుంది. పేరు తెలియని ఊళ్లో, మళ్లీ రాని దారిలో, దైవభీతి తప్ప కాపలా ఉండదు. ఒక వ్యక్తి మంచివాడని సాక్ష్యమిచ్చిన మనిషిని హజ్రత్ ఉమర్ (రజి), అతని పొరుగున ఉన్నావా, అతనితో డబ్బు వ్యవహారం నడిపావా, ప్రయాణం చేశావా అని అడిగారు. ఏదీ లేదనగా, అయితే అతను నీకు తెలియడని తేల్చేశారు. విచిత్రమేమిటంటే మజిలీలో ఈ మూడూ ఒకేసారి ఎదురవుతాయి: కాసేపటి పొరుగు, చాయ్ డబ్బుల వ్యవహారం, ప్రయాణం.

దైవప్రవక్త (స) ఈ ప్రపంచంలో తనను చెట్టు నీడన కాసేపు ఆగి సాగిపోయే బాటసారితో పోల్చుకున్నారు. కొందరు దీన్ని లోకం గురించి పట్టించుకోనక్కర లేదన్నట్లు అర్థం చేసుకుంటారు. కాని నీడన ఆగినవాడు కొమ్మలు నరకడు, వేళ్ల దగ్గర చెత్త పోయడు. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో ఉన్న మొక్కను నాటమన్నదీ ఆ ప్రవక్త (స) గారే! వెళ్లిపోయేవాడికి ఆ చెట్టు మీద మమకారం ఉండనక్కరలేదు. వెనక వచ్చేవాడికి నీడ మిగల్చాలి, అంతే.

ఆగిన ప్రతి చోటి హక్కునూ తీర్చి సాగిపోయే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.