పాత ఫోటోల పునరుద్ధరణ – సత్యం పట్ల మన బాధ్యత

పాత ఫోటోను బాగు చెయ్యటం ఈనాడు ఎవరికైనా చేతనయ్యే పని. ఒక స్కానరూ, ఒక కంప్యూటరూ వుంటే చాలు. ఇంత తేలికైన పనిలో నీతికి సంబంధించిన ప్రశ్న ఏముంటుందని నేనూ అనుకున్నాను. పొదిలిలో మా యింటి గోడమీది ఒక్క ఫోటో ఆ అభిప్రాయాన్ని మార్చింది. అనుభవం నా సొంతమే అయినా, దానిలోంచి తేలిన ప్రశ్న మనందరిదీ గనుక యిక్కడ చర్చకు పెడుతున్నాను.

అది మా నాయనమ్మ కుటుంబం ఫోటో. వెనకవైపు పెన్సిలుతో "పొదిలి, నెల్లూరు జిల్లా" అని రాసి వుంది. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. కనుక అది అంతకు ముందుదే అయివుండాలి. నడుమ కుర్చీలో నాయనమ్మ, చుట్టూ పిల్లలు. ఒక చివర, పలుపు పట్టుకుని మా జీతగాడు. అతని ముఖం సగం చెదలు తిన్నాయి.

పని మొదలుపెట్టే వారికి రెండు మాటలు చెప్పాలి. పటం విప్పేటప్పుడు ఫోటో అద్దానికి అంటుకుని వుంటే లాగవద్దు. అద్దంతోపాటే స్కాన్ చెయ్యాలి. తడిగుడ్డ తగలనివ్వరాదు. అంగుళానికి 600 చుక్కలకు తగ్గకుండా, టిఫ్ రూపంలో భద్రపరచాలి. వెనకవైపునూ స్కాన్ చెయ్యాలి. పై పెన్సిలు రాత లేకపోతే ఆ ఫోటో కాలం నాకు తెలిసేది కాదు. ఆ మొదటి ప్రతిని ఎన్నడూ ముట్టుకోకుండా, దాని నకలు మీదనే పని చెయ్యాలి. ఇందుకు జింప్ వంటి ఉచిత సాధనం చాలు. మార్కాపురం పలకమీద రాసింది చెరిపితే మళ్ళీ రాసుకోవచ్చు. ఫోటో పలక కాదు.

ఇవన్నీ పాటించాను. పాటించి కూడా తప్పు చేశాను. మరకలు పోయినాక, దుమ్మూ గీతలూ తుడిచే సాధనాన్ని నాయనమ్మ ముఖం మీద నడిపాను. పిమ్మట ముఖాలను స్పష్టం చేసే కృత్రిమ మేధ సాధనానికి అప్పగించాను. క్షణంలో నున్నటి బుగ్గలతో, మెరిసే కళ్ళతో ఒక ముఖం వచ్చింది. మా మేనత్తకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, "ఒరే, మా అమ్మకు అమ్మవారి మచ్చలుండాల గదరా? ఇదెవురో పట్నపామె" అన్నది.

తిరిగి మొదటి ప్రతిని పెద్దది చేసి చూశాను. మచ్చలు వున్నాయి. వాటిని నేను దుమ్మనుకున్నాను. స్ఫోటకపు గుంటలకూ, బూజుపట్టిన చుక్కలకూ యంత్రానికి తేడా తెలియదు. కాగితానికి తగిలిన గాయం వేరు. మనిషికి తగిలిన గాయం వేరు. మొదటిది మనకూ ఫోటోకూ మధ్య అడ్డం వచ్చినది. రెండవది ఫోటో మనకు చెప్పదలచినది. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదయింది. దేశం విముక్తమయిందని 1977లో ధ్రువీకరించారు. అంతకు ముందు ఆ జబ్బు మన పల్లెల్లో ఏం చేసిందో చెప్పే సాక్ష్యం మా నాయనమ్మ ముఖం. ఆ సాక్ష్యాన్ని ప్రేమతోనే తుడిచాను!

యంత్రం ఎందుకిట్లా చేసింది? అది చూడదు, వూహిస్తుంది. 2021లో వచ్చిన జీఎఫ్‌పీగాన్ అనే సాధనాన్ని తీసుకోండి. దానికి శిక్షణ యిచ్చింది ఫ్లికర్ అనే ఫోటోల వేదిక నుంచి సేకరించిన 70,000 ముఖాలతో. వాటిలో స్ఫోటకపు మచ్చలున్న ముఖాలు ఎన్ని వుండగలవు? ఎండలో కలుపు తీసిన ముఖాలు ఎన్ని వుండగలవు? తనకు తెలియని ముఖాన్ని అది తనకు తెలిసిన ముఖంగా మారుస్తుంది. "అందం" అనే మాట వెనక ఎవరి అందమన్న ప్రశ్న యంత్రంలోనూ వున్నది.

ఫోటో మాత్రం ఎప్పుడు సత్యం చెప్పింది అని కొందరు అడగవచ్చు. స్టూడియోలో అరువు కోటు, గీసిన తెర, నెగటివు మీద పెన్సిలుతో తెల్లబరిచిన చర్మం – యివన్నీ అబద్ధాలే గదా? నిజమే. కాని ఆ అబద్ధం ఆ కాలానిది. అరువు కోటు ఆనాటి పేదవాని కోరికకు సాక్ష్యం. నా అబద్ధం ఆ సాక్ష్యాన్నే చెరుపుతుంది.

ఈ విషయంలో మనం, వామపక్షీయులం, యితరులకు ఉపదేశం చేసేముందు మన యిల్లు చూసుకోవాలి. 1937లో మాస్కో–వోల్గా కాలువ గట్టున స్టాలిన్ పక్కన నిలబడిన యెజోవ్, 1940లో మరణశిక్ష పొందిన తరువాత ఫోటోలోంచి మాయమయ్యాడు. అతను నిలబడిన చోట నీళ్ళు మిగిలాయి. ఎందరి ప్రాణాలో తీసిన యెజోవ్‌ను జాలిపడి తలుచుకోనక్కరలేదు. కాని అతన్ని తుడిచివెయ్యటంతో అతని నేరాలలో యితరుల భాగం కూడా తుడిచివేశారు. 2021లో ఒక కళాకారుడు కాంబోడియాలోని టువోల్ స్లెంగ్ చెరసాల ఖైదీల ఫోటోలకు రంగులద్దుతూ, కొన్ని ముఖాలకు చిరునవ్వులు కూడా అతికించాడు. కాంబోడియా ప్రజలు నిరసించగా ఆ ప్రచురణను ఉపసంహరించారు. చావు ముందు నిలబడిన మనిషికి నవ్వు దానం చెయ్యటం దయ కాదు.

మరి హద్దు ఎక్కడ? కట్టడాల పరిరక్షణ గురించి 1964లో వెనిస్‌లో ఒప్పుకున్న పత్రం ఒక సూత్రం చెప్పింది: వూహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలి. గోపురానికి వర్తించే న్యాయం గోడమీది పటానికి వర్తించదా?

మా మేనత్త కోరిక కూడా న్యాయమైనదే. ఆమెకు కావలసింది చరిత్ర కాదు, అమ్మ. అయితే ఈసారి సత్యమే ఆమె కోరికను తీర్చింది. మచ్చలు వదిలి, మరకలు మాత్రం తీసిన ప్రతిని చూసి ఆమె ముఖం మీద చెయ్యి పెట్టింది.

మిగిలింది జీతగాడు. "ఆ చివర కత్తిరించెయ్, పటం నిండుగా వుంటుంది" అన్నాడు మా అన్నయ్య. లేదా మిగిలిన సగం ముఖాన్ని తిప్పి రెండో సగంగా అతికించవచ్చు. అయిదు నిమిషాల పని. రెండూ చెయ్యలేదు. చెదలు తిన్న మేర బూడిదరంగులో అలాగే వుంచాను. ఎవరెవరో రాసి పెడదామని అతని పేరు అడిగాను. మేనత్తకు గుర్తులేదు. మా యింట్లో ఎవరికీ తెలియదు. ఏళ్ళతరబడి మా గొడ్లు కాచిన మనిషికి మా యింట్లో మిగిలిన పేరు "ఒరే" మాత్రమే.

ముఖాన్ని చెదలు తిన్నాయి. పేరును తిన్నది మేమే. పటం వెనక అందరి పేర్లూ రాసి, అతని పేరు చోట ఖాళీ వుంచాను. పాలెంలో అతని మనుమలు వున్నారని విన్నాను. పునరుద్ధరణలో తరువాతి పని కంప్యూటరు ముందు లేదు. వాళ్ళింటికి వెళ్ళి అడగటంలో వున్నది.