దీపమును కొలుచు దీపము

మూలవాక్యము: 1 కొరింథీయులకు 4:3–5



సికింద్రాబాదులోని లాలాగూడ రైలు కార్ఖానాకు పేరుపొందిన పేట. నిజాము కాలపు రైల్వేవారు 1893లో అక్కడ కార్ఖానా నెలకొల్పిరి. ఆ పేటలో రైలు పనివారి కుటుంబముల నడుమ తిరుగువారికి సిగ్నలు దీపముల ముచ్చటలు చెవిని పడుచునే యుండును. పూర్వము సిగ్నలు స్తంభములమీది దీపములు కిరసనాయిలుతో మండెడివి. ప్రొద్దు క్రుంకకముందే దీపములవాడు నిచ్చెన యెక్కి, వత్తి కత్తిరించి, గాజు తుడిచి, దీపము ముట్టించి దిగవలెను. చీకటిలో వచ్చు బండి డ్రైవరు ఆ చిన్న వెలుగును నమ్ముకొని వందలమంది ప్రాణములను తన వెంట తెచ్చెడివాడు.

ఆ పని చేసి విశ్రాంతి పుచ్చుకొనిన ఒక వృద్ధుడు అక్కడ నాకు పరిచయమాయెను. ఒకనాడు నేను, "పెద్దయ్యా, దీపం వెలుగు చాలునో చాలదో మీకెట్లా తెలిసేది?" అని అడిగితిని. ఆయన నవ్వి, "దీపం కాడ నిలబడి చూస్తే ఎప్పుడూ మంచిగనే కనబడ్తది అయ్యగారూ. దూరం పోయి, ఇంకో మంచి దీపంతోటి పోల్చి చూస్తేనే దాని సంగతి తెలుస్తది" అనెను.

మనలో ప్రతివానికి మనస్సాక్షి అను దీపము ఇయ్యబడినది. నరుని ఆత్మ దేవుడు పెట్టిన దీపమని సామెతల గ్రంథము 20వ అధ్యాయము నేర్పుచున్నది. అయితే ఆ దీపము సరిగా వెలుగుచున్నదో లేదో ఎవరు చెప్పవలెను? "నా మనస్సాక్షి నన్ను తప్పుపట్టుట లేదు, కాబట్టి నేను చేసినది తప్పు కాదు" అని మనము తరచుగా చెప్పుకొందుము. ఆ మాట చాలునా? ఈ నెల ఈ ప్రశ్ననే ధ్యానింతము.

ముందుగా, లోకములో దీపముల వెలుగును ఎట్లు కొలుచుదురో చూడుడి. మీ ఇంటి లాంతరు గాజుకు దినదినము కొంచెము కొంచెము మసి పట్టును. మీ కన్ను ఆ మసక వెలుగునకు అలవాటుపడును గనుక లోపమేమియు తోచదు. ప్రక్కింటివారు తుడిచిన లాంతరు తెచ్చి దాని ప్రక్కన పెట్టినప్పుడు, "అయ్యో, మన దీపము ఇంత మసకగా నున్నదా!" అందురు. ఫ్రాన్సు దేశస్థుడైన పియేర్ బుగే అను శాస్త్రజ్ఞుడు 1729లో ప్రచురించిన గ్రంథములో ఈ సంగతినే ఆధారము చేసికొనెను. ఒక దీపమును ఒంటరిగా చూచి దాని వెలుగు ఎంతయో కన్ను చెప్పలేదు. రెండు వెలుగులను ప్రక్కప్రక్కన పెట్టినయెడల అవి సమానమా కావా అని మాత్రము చక్కగా చెప్పగలదు.

దీనిని మీరును ఇంటిలో చేసి చూడవచ్చును. తెల్లకాగితము నడుమ ఒక చుక్క నూనె వేసి, దానిని రెండు దీపముల మధ్య నిలువబెట్టుడి. ఇవతలి వెలుగు హెచ్చయితే నూనెచుక్క నల్లగా కనబడును. అవతలి వెలుగు హెచ్చయితే అదే చుక్క తెల్లగా మెరయును. కాగితమును ముందుకు వెనుకకు జరుపగా, రెండు వైపుల వెలుగు సమానమైన చోట చుక్క ఇంచుమించుగా మాయమగును. 19వ శతాబ్దములో జర్మను శాస్త్రజ్ఞుడు బున్‌సెన్ ఈ ఉపాయముతోనే దీపములను కొలిచెను. దూరము రెట్టింపైతే వెలుగు నాలుగవ వంతగును. కాబట్టి కొలబద్దయైన దీపము ఒక మీటరు దూరమునను, మన దీపము రెండు మీటర్ల దూరమునను ఉండగా చుక్క మాయమైనయెడల, మన దీపము దానికి నాలుగింతలు బలమైనది.

ఇప్పుడు ప్రయోగశాలలలో కంటికి మారుగా వెలుగును పసిగట్టు పరికరములు వచ్చినవి. అయినను పద్ధతి అదే. చిన్న రైలుపట్టా వంటి పొడవైన బల్లమీద దీపము కదలు బండి యుండును; మిల్లీమీటరు తప్పక దూరమును కొలుతురు. దీపమునకు ఇచ్చు విద్యుత్తు నూటికి ఒక పాలు మారినను వెలుగు ఇంచుమించు ఆరు పాళ్లు మారును గనుక దానిని నిలకడగా కాపాడుదురు. ఆ పరికరములను ఏర్పరచువారు పడు శ్రమలో మన ప్రశ్నకు పనికివచ్చు సంగతులు మూడు నాకు కనబడుచున్నవి.

మొదటిది, దొంగవెలుగును ఆపుట. కొలత గది గోడలకు నల్లరంగు పూయుదురు. దీపమునకును కొలుచు పరికరమునకును నడుమ రంధ్రము గల నల్లని అడ్డుపలకలు నిలుపుదురు. కొలుచువాడు తెల్లచొక్కా తొడిగికొని దగ్గర నిలిచినను, దానిమీద పడి మరలిన వెలుగు లెక్కను చెరుపును. మనము మన్ననలలోను, ప్రక్కవారి అలవాట్లలోను నిలువబడి మనలను కొలుచుకొందుము. "అందరును చేయుచున్నారు గదా" అనునది దొంగవెలుగే. తెల్లని అంగీ తొడిగిన నావంటి సేవకులకు ఈ అపాయము మరింత హెచ్చు.

రెండవది, తారుమారు చేసి చూచుట. పరికరములో కుడియెడమల భేదము రహస్యముగా దాగియుండవచ్చునని, ఒకసారి కొలిచిన తరువాత దానిని అటుదిటు త్రిప్పి మరల కొలుచుదురు. నాతాను ప్రవక్త దావీదుకు చేసినది ఇదియే (2 సమూయేలు 12). బీదవాని గొఱ్ఱెపిల్లను తీసికొనిన ధనవంతుని విషయములో దావీదు మనస్సాక్షి చురుకుగానే తీర్పు చెప్పెను. అది చచ్చినది కాదు. తనవైపు త్రిప్పబడలేదు, అంతే. ప్రవక్త దానిని త్రిప్పెను.

మూడవది, కొలబద్ద దీపమునుకూడ నమ్మక పరీక్షించుట. విద్యుద్దీపము మండుచున్నకొలది దానిలోని తీగె నుండి లేచిన లోహపు ఆవిరి గాజు లోపల నల్లగా పట్టును. పైనుండి ఎంత తుడిచినను పోదు; తాను మండుటవలననే లోపలనుండి మసకబారును. అందుచేత ప్రతిదినము వాడు దీపములను అప్పుడప్పుడు పైదీపముతో సరిచూచెదరు. మన దేశములో ఈ వెలుగు కొలమానమునకు నిలయము క్రొత్తఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. జవహర్‌లాల్ నెహ్రూగారు 1947 జనవరిలో దానికి పునాదిరాయి వేసిరి. 1950 జనవరిలో అది ప్రారంభింపబడెను.

మరి పైదీపమునకు పైన ఏమున్నది? 1860లో ఇంగ్లండువారు తిమింగిలపు కొవ్వుతో చేసిన ఒక కొవ్వొత్తిని కొలబద్దగా చట్టములో వ్రాసిరి. అది పౌనుకు ఆరు తూగవలెను, గంటకు 120 గ్రెయిన్లు కరగవలెను. కాని కొవ్వొత్తికి కొవ్వొత్తికి తేడా వచ్చుచుండెను. 1948లో లోకదేశములు, కరిగిన ప్లాటినము గడ్డకట్టునప్పటి వేడిమిలోని వెలుగును ఆధారముగా అంగీకరించెను. 1979లో దానినికూడ విడిచి, ఏ వస్తువుమీదను ఆనక, ఒకే నిర్ణీతమైన పచ్చని కాంతికి ఒక స్థిరమైన సంఖ్యను నియమించెను. కరగిపోవుదానినుండి మారనిదానివైపు మనుష్యులు ఇట్లు నడచిరి. వెలుగు విషయములోనే ఇంత జాగ్రత్త యుండగా, నీతి విషయములో మన కరగిపోవు కొవ్వొత్తిని మనమే కొలబద్దగా నిలుపుకొందుమా?

నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకొనవలసియున్నది. ఇంచుమించు ఇరువదియైదేండ్ల క్రిందట, నేను సేవలో క్రొత్తవాడను. ఒక తల్లి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చి, ఉద్యోగమునకు వయస్సు దాటినదనియు, బాప్తిస్మపు నకలులో పుట్టిన సంవత్సరమును రెండేండ్లు ముందుకు జరిపి వ్రాసి యిమ్మనియు ఏడ్చెను. రిజిస్టరులో ఉన్నదొకటి; నేను వ్రాసి యిచ్చినది వేరొకటి. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టెను. బీదవారిని ఆదుకొంటినని మనస్సాక్షి నన్ను మెచ్చుకొనెను కూడ. తరువాత మరి ఇద్దరికి అట్లే వ్రాసితిని.

ఒక సాయంకాలము ఆ దీపముల వృద్ధుడు నాయొద్దకు వచ్చి కూర్చుండెను. చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అయ్యగారూ, మావోనికి గూడ వయసు దాటింది. అబద్ధం రాయించద్దని నేనే చెప్పిన. ఆ కొలువుకే మీరు రాసిచ్చిన పిల్లగాడు పోయిండు. మావోడు కూలికి పోతుండు" అనెను. ఆయన నన్ను నిందింపలేదు. నా దీపము ప్రక్కన తన దీపమును పెట్టెను, అంతే. నూనెచుక్క నల్లగా కనబడెను. నేను జాలి అనుకొనినది, నా యెదుట ఏడ్చినవారికి మాత్రమే చూపిన జాలి. ఏడ్చుటకు రానివాని అన్నము నేను తీసి వేరొకనికి పెట్టితిని.

క్షమింపుమని ఆయనను వేడుకొంటిని. "నన్ను గాదు, మావోన్ని అడుగుండ్రి" అనెను. వెళ్లి అడిగితిని. సంఘ పెద్దల యెదుట ఒప్పుకొంటిని. నేను వ్రాసి యిచ్చిన ముగ్గురికిని అది అబద్ధమని చెప్పి, దానిని ఏమి చేయుదురో దేవుని యెదుట ఆలోచించుకొనుడంటిని. వారిలో ఒకరు నాతో నేటివరకు మాటలాడరు. ఆ వృద్ధుని కుమారునికి పోయిన కొలువు తిరిగి రాలేదు. కొన్ని తప్పులు ఒప్పుకొనినంతమాత్రమున సరిపడవు. ఆ భారమును మోయుటయు పశ్చాత్తాపములో భాగమే.

అట్లయితే మనస్సాక్షిని నమ్మరాదా అని మీరు అడుగవచ్చును. దానిని ఆర్పివేయుడని నేను చెప్పుట లేదు. కన్ను లేనివాడు నూనెచుక్కను చూడలేడు. మనస్సాక్షి కొలబద్ద కాదు గాని, పోల్చి చూచు కన్ను. దానిని ఒంటరిగా విడిచినయెడల ఏ చీకటికైనను అలవాటుపడును. క్రీస్తు ప్రక్కన నిలిపినయెడల నిజము చెప్పును. తన మనస్సు తనను తప్పుపట్టకపోవుట తాను నిర్దోషినని రుజువు కాదనియు, తీర్చువాడు ప్రభువనియు పౌలు కొరింథువారికి వ్రాసిన మాటల భావమిదియే. కాబట్టి సువార్తలు చదువునప్పుడు ఊరివారి తప్పులు వెదకక, ఆయన ప్రక్కన మనలను నిలుపుకొందము. మనవలన నష్టపోయినవాడు మన గడపలో కూర్చుండి మాటలాడినప్పుడు త్వరపడి జవాబు చెప్పకుందము. అతని చేత దేవుడు మన యొద్దకు దీపము పంపియుండవచ్చును.

ఒక్క మాటతో ముగింతును. ప్రయోగశాలలో శ్రేష్ఠమైన దీపమును పెట్టెలో భద్రపరచి, అరిగిపోవునని మిక్కిలి తక్కువగా వెలిగింతురు. దేవుడు తన శ్రేష్ఠమైన దీపమును అట్లు దాచలేదు. దానిని గలిలయ వీధులలో వెలిగించెను; కల్వరి కొండమీద మనకొరకు పూర్తిగా మండనిచ్చెను. మూడవ దినమున అది మరల వెలిగెను. మనలను కొలుచు వెలుగే మనలను వెలిగించు వెలుగు. కాబట్టి భయపడక దాని యొద్దకు రండి.

ప్రార్థన: ప్రభువా, మా దీపము లోపలనుండి మసకబారినది, మాకు తెలియలేదు. నీ ప్రక్కన మమ్మును నిలువబెట్టుము. మేము నష్టపరచినవారి యొద్దకు వెళ్లుటకు మాకు ధైర్యమిమ్ము. ఆమేన్.