మొదటి సూది ఎవరికి?

సైకిలు నేర్చుకునేవాడు పడితే వాడి మోకాలే చిట్లుతుంది. నర్సు చదువు అలా కాదు. నేర్చుకునేది ఒకరు, నొప్పి మరొకరిది. మా మదీనాగూడ బస్టాపులో యూనిఫారాలు వేసుకున్న నర్సింగు పిల్లల్ని చూసినప్పుడల్లా నాకిదే ఆలోచన.

బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్ల చదువు. ముందు బొమ్మ చేతిమీద సూది గుచ్చడం నేర్పుతారు. బొమ్మ 'అమ్మా' అనదు, చెయ్యి లాక్కోదు, దాని నరం జారిపోదు. కొత్తవాళ్లు నిపుణులయ్యే దారిని 1984లో పట్రీషియా బెన్నర్ అనే అమెరికన్ నర్సు తన పుస్తకంలో ఐదు మెట్లుగా చెప్పింది. పై మెట్లు ఎక్కించేది ఒట్టి పాఠం కాదు, మంచం మీది మనిషి.

మరి ఆ మొదటి చెయ్యి ఎవరిది? స్పెషల్ రూములో ఉన్న మనం "సీనియర్ సిస్టర్ని పిలవండి" అంటాం. ఆ మాట అనలేని జనరల్ వార్డు మనిషి చెయ్యి చాస్తాడు. ఆ నేర్పు మాత్రం రేపు మనందరికీ కావాలి! భోజనం అందరిదీ, పొయ్యి దగ్గర పొగ ఒక్కరిదేనా?

గుడ్డిగా ఒప్పుకోమనడం లేదు. పక్కన సీనియర్ ఉండాలి. "చదువుకుంటున్నానమ్మా, నేను వెయ్యనా?" అని ఆ పిల్ల అడగాలి. అలా అడిగితే, ఒక్కసారి మనమూ చెయ్యి చాపుదాం. మన బిడ్డకి జ్వరమొచ్చిన రాత్రి సూది తడబడకుండా దిగిందంటే, అంతకుముందు ఎవరో చెయ్యి చాపబట్టే కదా!