పుణ్యంలో వాటా

2025 ఆగస్టు 30న కుప్పం దగ్గర పరమసముద్రం చెరువు కట్ట మీద ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు హంద్రీ-నీవా కాలువలో వచ్చిన కృష్ణమ్మకు హారతి పట్టారు. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి రామకుప్పం మండలం రాజుపేట దగ్గర అదే కాలువకు నీళ్లు వదిలారు. ఎవరి నీళ్లు అసలైనవన్న వాదులాట మా పుంగనూరు టీ అంగళ్లలో ఇంకా తెగలేదు. నేను అందులోకి దిగను. రెవెన్యూలో సర్వేయరుగా చేసి రిటైరైనవాణ్ని, నాకు పట్టుకున్న సందేహం వేరే. నీళ్లు తెచ్చినవాడికి పుణ్యం అంటారు మనవాళ్లు. ఆ నీళ్ల కోసం ఉన్నది పోగొట్టుకున్నవాడికి? పరిహారం వస్తుంది, సరే. పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుంది?

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. సప్తసంతానాల్లో కొడుకుతో పాటు చెరువునూ లెక్కపెట్టిన జాతి మనది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు గురించి చెప్పే శాసనం. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పని. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో చెక్కించారు. కట్టలోంచి నీరు ఊరకూడదు, చౌడు నేల పనికిరాదు, రెండు రాజ్యాల సరిహద్దులో తవ్వకూడదు, చెరువు మధ్యలో మెరక ఉండకూడదు, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కాకూడదు, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కాకూడదు. ఇంజనీరుగా చూస్తే ఈ జాబితాకు ఇవాళ్టికీ వంక పెట్టలేం. చెరువు లోపల ఎవరి మడి మునిగిందన్నది మాత్రం ఆ ఆరింటిలో లేదు.

మాకొచ్చే నీళ్లు శ్రీశైలం నీళ్లు. మల్యాల దగ్గర ఎత్తి, జీడిపల్లి మీదుగా, చెర్లోపల్లి మీదుగా పుంగనూరు బ్రాంచి కాలువలోకి, అక్కడి నుంచి కుప్పం బ్రాంచి కాలువలోకి తెస్తారు. మొత్తం 700 కిలోమీటర్ల పైమాటే. శ్రీశైలం జలాశయం నిండుమట్టం 885 అడుగులు, మా మదనపల్లె రెండు వేల అడుగులకు పైన ఉంది. ఎన్ని మోటార్లు పెట్టి ఎత్తితే ఇక్కడికి ఎక్కుతాయో ఊహించుకోండి. హంద్రీ-నీవా ప్రాజెక్టు కాగితాల మీద 40 టీఎంసీలు, 6 లక్షల ఎకరాలకు పైగా సాగు, 33 లక్షల మందికి తాగునీరు అని రాసుకున్నారు. అవసరం లేదని ఎవరంటారు? వెయ్యి అడుగులు దాటి బోరు దించినా తడి తగలని ఊళ్లు మావి. కుప్పంలో తెల్లారకముందే బెంగళూరు రైలెక్కి కూలికి పోయి రాత్రికి ఇల్లు చేరేవాళ్లను స్టేషన్లో నిలబడి చూడండి, నీటి విలువ తెలుస్తుంది.

శ్రీశైలం జలాశయం నిండాలంటే కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునగాల్సి వచ్చింది. లక్ష మంది దాకా లేచిపోయారు. 1981 వేసవిలో ఇళ్లు కూల్చి మరీ ఖాళీ చేయించారు. అప్పుడు దేవుళ్లకు జరిగింది చూస్తే మనసు ఒక తీరుగా అవుతుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి ఆలంపురం తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. ఆలంపురం నవబ్రహ్మల గుళ్లు మునగకుండా అడ్డుగోడ కట్టారు. నదుల సంగమం దగ్గర ఉన్న సంగమేశ్వరంలో వేపమాను లింగం ఏటా మునిగి, ఎండాకాలం మట్టం తగ్గాక బయటపడుతుంది, అర్చకులు వెళ్లి పూజ మొదలుపెడతారు. రాళ్ల మీద అంత శ్రద్ధ పెట్టడం తప్పని నేననను, చాలా గొప్ప పని. ఒక గుడిని ఎక్కడికి జరపాలి, ఎలా జరపాలి, జరిపాక అది గుడిగానే మిగులుతుందా అని ఆలోచించిన ప్రభుత్వమే ఒక కుమ్మరి గురించి, ఒక పాలేరు గురించి ఆ పాటి ఆలోచన చేయలేదు. నా మనసులో నలుగుతున్నది అదే.

కుప్పం కాలువ భూసేకరణ రోజుల్లో పెద్దపంజాణి వైపు ఎంజాయ్‌మెంట్ సర్వేకు వెళ్లేవాళ్లం. కాలువ దారిలో ఉన్న భూమి మీద ఏమేమి ఉన్నాయో రాసుకోవడం మా పని. మామిడి చెట్లెన్ని, ఎన్నేళ్లవి, చింతచెట్టు కాపు ఎంత, బోరు లోతెంత, పైపులైను పొడవెంత. ఒక పట్టా భూమిలో వేపచెట్టు కింద గంగమ్మ రాయి ఉంది. పసుపు పూసి, బొట్టు పెట్టి, పక్కన దీపం కుండ. వేపచెట్టు రిజిస్టరులో పట్టాదారు పేరు మీద ఎక్కింది. రాయికి కాలమ్ లేదు. రోజూ అక్కడ దీపం పెట్టే ముసలామె మేకలు కాచుకుని బతుకుతుంది, సెంటు భూమి లేదు. మేము టేపు పట్టినంతసేపూ చూసి, చివరికి దగ్గరికొచ్చి, “అమ్మ యాడికి పోవాల సారూ?” అనింది. “కాలువ అవతలికి జరుపుతార్లేమ్మా, పూజ చేయించే జరుపుతారు” అన్నాను. “అమ్మను జరపచ్చు. నా మేకలు కాలవ దాటేదెట్ల?” అనింది.

నాకు జవాబు తోచలేదు. వంతెన పడింది గాని, ఆమె మేకల దారిలో పడలేదు.

2013 భూసేకరణ చట్టం ఆమె కోసమే రాసినట్టుంటుంది. అందులో సామాజిక ప్రభావ అంచనా అనే అధ్యాయం ఉంది. పశువులు నీళ్లు తాగే చోటు, మేత భూమి, చౌకధరల దుకాణం, శ్మశానం, గుడి, వీటన్నిటి మీదా ప్రాజెక్టు ప్రభావం ఏమిటో ఊళ్లోవాళ్లను కూర్చోబెట్టి విని, ఆరు నెలల్లో రాయాలి. పట్టా లేకపోయినా, మూడేళ్లుగా ఆ నేల మీద గుత్తకు చేసుకునేవాడు, కూలి చేసుకునేవాడు బాధిత కుటుంబమే. చదివితే ముచ్చటేస్తుంది. రెండు పేజీలు తిప్పితే ఆరో సెక్షన్ వస్తుంది. పర్యావరణ ప్రభావ అంచనా జరగాల్సిన నీటి ప్రాజెక్టులకు ఈ సామాజిక అంచనా వర్తించదట. 2018లో మన రాష్ట్రం చేసుకున్న సవరణ ఆ సందును ఇంకొంచెం వెడల్పు చేసింది. పోనీ పర్యావరణం మాటైనా సరిగా చూశారా అంటే, సోమల మండలం ఆవులపల్లి రిజర్వాయరు విషయంలో రైతులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వచ్చింది. 2023లో ట్రిబ్యునల్ అనుమతిని కొట్టేసి, రాష్ట్రానికి 100 కోట్ల జరిమానా వేసింది. తర్వాత అది సుప్రీంకోర్టుకు ఎక్కింది.

మా మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు కొలవడం, పోల్చడం మనసుకు పట్టిన జబ్బని జన్మంతా చెప్పారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గొలుసు లాగిన నాకు ఆ మాట వింటే నవ్వొచ్చేది. కొలతకు రానివాడికి చెక్కు రాదు స్వామీ. అలాగని కొలిస్తే లెక్క తీరిపోతుందా అంటే, అదీ లేదు. ఆయన మాటలో నాకు అందింది అంతవరకే.

చిత్తూరు వైపు కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిన ‘ముసలమ్మ మరణము’ తెలియనివాళ్లు మా తరంలో తక్కువ. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే, ఊరి కోసం ఒక కోడలు బలి కావడానికి ఒప్పుకున్న కథ. నేను దాన్ని త్యాగం కథగానే చదువుకున్నాను. ఇప్పుడు ఇంకోటి కనిపిస్తోంది. ఆ కథలో ఊరంతా ఆమె ముఖం చూసింది. ఎవరి ప్రాణంతో కట్ట నిలిచిందో నీళ్లు తాగిన ప్రతివాడికీ తెలుసు. ఆమె పేరు చెప్పుకునే తాగారు. పోనీ, ఆమె ఒప్పుకుంది. ముంపు ఊళ్లవాళ్లను ఒప్పుకుంటారా అని ఎవరడిగారు? మా టమాటా తోటల్లో డ్రిప్పు తిప్పేవాడికి వాళ్ల ఊరి పేరు ఒక్కటైనా తెలుసా?

వాళ్ల ప్రారబ్ధం అలా ఉంది అంటారు కొందరు పెద్దలు. నాకు ఒళ్లు మండుతుంది. ప్రారబ్ధం నా కష్టానికి నేను చెప్పుకోవాల్సిన మాట. పక్కవాడి కష్టానికి ఆ మాట నేను చెప్తే, అది వేదాంతం కాదు, ఎగవేత.

మన శాస్త్రంలో దీనికి సరిపోయే మాట పరిహారం కాదు, ఋణం. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అందరికీ తెలుసు. శతపథ బ్రాహ్మణం నాలుగోది చేర్చింది, మనుష్య ఋణం. అది తీర్చే దారి కూడా చెప్పింది: సాటి మనిషికి ఉండటానికి చోటివ్వడం, తినడానికి పెట్టడం. ముంపులో పోయినవి సరిగ్గా ఆ రెండే, ఇల్లూ మడీ. పరిహారానికి అవార్డు పాసై, చెక్కు చేతిలో పడితే ఫైలు మూసేస్తారు. ఋణం అలా కాదు, నీళ్లు తాగేవాడు మారినప్పుడల్లా అదీ వాడి మీదికి వస్తుంది. ప్రభావ అంచనా అంటే ప్రాజెక్టుకు ముందు ఒకసారి రాసి బైండు చేసే పుస్తకం అనుకుంటున్నాం. నా లెక్కలో కాలువలో నీళ్లు పారినంతకాలం అది తెరిచే ఉండాలి. మొన్న అనంతపురం వైపు హంద్రీ-నీవాకు సిమెంటు లైనింగు వేస్తామంటే రైతులు అడ్డం పడ్డారు. మట్టి కాలువ నుంచి ఊరిన నీళ్లతో వాళ్ల బోర్లు బతికాయి. లైనింగు వేస్తే చివరనున్న మాకు నాలుగు నీళ్లు ఎక్కువొస్తాయి, వాళ్ల బోర్లు ఎండుతాయి. వాళ్ల పేర్లు ఏ ఆయకట్టు జాబితాలోనూ లేవు. ఈసారి పోగొట్టుకునేవాళ్లు వాళ్లు, తాగేవాళ్లం మేము.

ఈ సంగతే మా వీధి పురోహితుడితో మాట్లాడాను. “స్వామీ, సంకల్పంలో శ్రీశైలానికి మనం ఏ దిక్కున ఉన్నామో, ఏ రెండు నదుల నడుమ ఉన్నామో చెప్పందే పూజ మొదలుపెట్టరు కదా. జలహారతి రోజు ఆ సంకల్పంలోనే మునిగిన ఊళ్ల పేర్లు చదివితే తప్పా?” అన్నాను. వంద పేర్లు చదివితే ముహూర్తం దాటిపోతుందని నవ్వాడాయన. కాసేపు ఆలోచించి, “తర్పణంలో నా అన్నవాళ్లు లేనివాళ్లందరికీ కలిపి నీళ్లు వదిలే పద్ధతి ఉంది. అది చేయిద్దాం, శాస్త్రమూ ఒప్పుతుంది” అన్నాడు.

“వాళ్లు చచ్చిపోలేదు స్వామీ” అన్నాను. “ముంపు కుటుంబానికో ఉద్యోగం అని 1986లో 98వ నంబరు జీవో ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని వాళ్ల పిల్లలు ఇంకా కర్నూల్లో ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.”