చుట్టంలా రాకు

నరసన్నపేట,
వైశాఖ మాసం.

చిరంజీవికి,

తల్లీ పిల్లా కులాసా. మీ అత్తవారిల్లు మాకు నాలుగిళ్ళ అవతలే కదా, రోజూ పొద్దున్నే చూసి వస్తున్నాను. నీ భార్య నాతో ఏమీ అనలేదు. ఈ ఉత్తరం నా అంతట నేనే రాస్తున్నాను.

పురిటికి పుట్టింటికి పంపడం మంచి ఆచారమే. బాలింతకు తల్లి చేతి పథ్యం, కాస్త నిద్ర దొరుకుతాయి. చిక్కల్లా ఒకటే, బిడ్డ తండ్రి చుట్టమైపోతాడు. శుక్రవారం రాత్రి హైదరాబాదులో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, అల్లుడి మర్యాదలు అందుకుని, పాపతో నాలుగు ఫొటోలు దిగి, ఆదివారం మళ్ళీ బండెక్కేస్తాడు. తీరా కాపురానికి తెచ్చుకున్నాక పిల్ల గుక్కపెడితే ఎలా ఎత్తుకోవాలో తెలీదు. అప్పుడు 'అది ఆడవాళ్ళ పని' అనేస్తాడు. నీ నోట ఆ మాట రాకూడదనే నా తాపత్రయం.

చంటిపిల్ల రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. పాలివ్వడం తల్లి పని, సరే. ఉయ్యాలలోంచి తీసి అందించడం, తాగాక భుజాన వేసుకుని తేనుపు వచ్చేదాకా వీపు నిమరడం, తడిసిన పొత్తిగుడ్డ మార్చడం, వీటికి ఆడచెయ్యే కావాలని ఎవరన్నారు? రోజుకు ఆరు గుడ్డలైనా తడుపుతోందంటే పాలు చాలుతున్నట్టే. ఆ లెక్క నువ్వు చూసుకో. మీ తాతగారి పాత పొందూరు పంచెలు చింపి పొత్తిగుడ్డలు చేశాను, ఉతికి ఆరెయ్యడమూ నేర్చుకో. చొక్కా విప్పి పాపను గుండెలకు ఆనించుకుని పడుకోబెట్టుకో. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే డాక్టరు బరువు తక్కువ పిల్లల్ని తల్లుల ఒంటికి ఆనించి బతికించే పద్ధతి మొదలుపెట్టాడు. తండ్రి ఒంటి వేడీ పనికొస్తుందని తర్వాత తేలింది. అత్తగారి ముందు సిగ్గయితే తలుపేసుకో!

ఆసుపత్రిలో పుట్టిన పిల్లను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొస్తుంది. ఆవిడ రాగానే మగవాళ్ళు లేచి వీధరుగు మీదికి పోతారు. అంగన్‌వాడీలో పనిచేసినన్నాళ్ళూ చూశాను, ఒక్క తండ్రీ కూర్చుని వినేవాడు కాదు. నువ్వు కూర్చో. అడగాల్సింది అడుగు.

ఇక ఊళ్ళు తిప్పడం సంగతి. శ్రీముఖలింగం మొక్కుంది, అరసవల్లి ఆదివారం బాగుంటుంది, అని ఇంట్లో అప్పుడే మొదలైంది. ఆదివారం అరసవల్లి క్యూలో నెలన్నర పిల్లా? మొక్కు మూడు నెలలు ఆగినా దేవుడు అలగడు. నీ భార్య వద్దంటే 'నీకేం తెలుసు' అంటారు. అల్లుడి మాటకు మన వైపు ఇంకా విలువుంది, దాన్ని ఇక్కడ వాడు. వచ్చిన ప్రతివాళ్ళూ పాపకు ముద్దులు పెట్టడమూ నువ్వే ఆపాలి.

పాప నిజంగా గడప దాటాల్సింది వచ్చే బుధవారం, ఆరు వారాల టీకాకు. హైవే మీద బండి వెనక పిల్లనెత్తుకుని ఓ పక్కకు కూర్చున్న బాలింతల్ని చూస్తే నా ప్రాణం పోతుంది. ఆటో మాట్లాడు. ఎండెక్కకముందే వెళ్ళండి. ఈ ఉక్కలో ఉన్ని టోపీ వద్దు, పల్చని నూలు చొక్కా చాలు. టీకా కార్డు మరిచిపోకు. పెంటావలెంట్ ఎడమ తొడకు, న్యుమోకోకల్ కుడి తొడకు, పోలియో సూది కుడి చేతికి వేస్తారు, పోలియో, రోటా చుక్కలు నోట్లో వేస్తారు. ఆ సూదులప్పుడు పిల్లను నువ్వే పట్టుకో. మొహం తిప్పుకోవద్దు. అయిన వెంటనే తల్లికందిస్తే పాలు తాగుతూ ఊరుకుంటుంది. అరగంట అక్కడే ఉండండి. సూది పొడిచినచోట కాపడమూ పసుపూ వద్దు. పుట్టినప్పుడు ఎడమ భుజానికి వేసిన బీసీజీ ఇప్పుడు పొక్కులా లేస్తుంది, దాని జోలికీ వెళ్ళొద్దు.

ఆ రాత్రి ఒళ్ళు వెచ్చబడొచ్చు. నర్సమ్మ చెప్పిన చుక్కల మందు చెప్పినంతే వెయ్యాలి. పిల్లను ఎత్తుకుని మేలుకునేది నువ్వు, మీ అత్తగారు కాదు. అందుకే బుధవారం రాత్రికే తిరుగు టికెట్ తియ్యకు.

కేంద్ర ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజుల సెలవుంటుంది. మీ ప్రైవేటు కంపెనీని కట్టడి చేసే చట్టం లేదు, నువ్వే అడగాలి. పదో వారం టీకా కూడా బుధవారమే వస్తుంది. రెండింటికీ కలిపి ఇప్పుడే అడుగు.

ఇట్లు,
మీ పెద్దమ్మ